తాటి దూలం, మామిడి బల్ల

నా చిన్నప్పుడు కాలువ ఎండిపోయిందంటే మాకు సంబరం. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. ఏడాదంతా నిండుగా పారే కాలువను ఎండలు ముదిరాక బెజవాడ ఆనకట్ట దగ్గర తలుపులు దించి కట్టేసేవాళ్ళు. రెండు మూడు రోజుల్లో నీళ్ళు లాగేసి, గుంటల్లో చేపలు ఎగిరెగిరి పడేవి. ఎప్పుడో రేవులో జారిపోయిన చెంబులూ గిన్నెలూ బురదలో దొరికేవి. పెద్దవాళ్ళకు మాత్రం అవి పరుగుల రోజులు. పూడిక తియ్యాలన్నా, గట్టు కట్టాలన్నా, కాలువలో ఒక గుంజ పాతాలన్నా ఆ రెండు నెలల్లోనే జరగాలి. మళ్ళీ నీళ్ళు వదిలే రోజు ఎవరికోసమూ ఆగదు. పనైనా కాకపోయినా నీళ్ళొచ్చేస్తాయి.

మా ఇంట్లో నన్ను నోరుగలది అంటారు. కోడళ్ళు వెనక అంటారు, మనవలు మొహంమీదే అంటారు. బ్యాంకులో, ఆసుపత్రిలో, గుడి కమిటీలో ఎక్కడ అన్యాయం కనబడినా నేను ఊరుకోను, అవతలివాడు ఎంతటివాడైనా సరే. అదేదో నా పుట్టుగుణం అనుకుంటారు. అబ్బే, కాదు. నా నోరు పదేళ్ళప్పుడు మూతపడింది. ఎందుకు మూతపడిందో ఇన్నాళ్ళూ మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని పెద్దలంటారు. పడితే పడనివ్వండి, ఈ వయసులో నా కాళ్ళకేం భయం.

మా తాతయ్య వడ్రంగి. కుర్రతనంలో మిషను దొరలు నడిపిన బడిలో పని నేర్చుకున్నాడట. మా ఊరి గుడిలో బల్లలూ, పాస్టరుగారు నిలబడి వాక్యం చెప్పే పీఠమూ ఆయన చేతివే. అమ్మా నాన్నా పొద్దస్తమానం పొలం పనుల్లో ఉండేవాళ్ళు కాబట్టి నన్ను పెంచింది ఆయనే. చిత్రిక పడుతుంటే చుట్టలు చుట్టలుగా లేచే చెక్క పొట్టును నా చెవులకు తగిలించి దుద్దులనేవాడు. నా మీద ఒక్కసారీ చెయ్యెత్తలేదు, గట్టిగా కసిరి ఎరగడు. ఇంత మంచి మనిషి గురించి ఇప్పుడు నేను చెప్పబోయేది చెప్పాల్సి రావడమే నా ఏడుపు.

పక్కింట్లో బండి మావయ్య ఉండేవాడు. చుట్టం కాదు, వరసకు మావయ్య. ఎడ్లబండి తోలడం ఆయన పని. ఎరువు తోలినా, ధాన్యం తోలినా, నాట్లకు కూలీలను దింపినా ఊళ్ళో ఆయన బండే. ఆయన భార్యను అత్తయ్యా అని పిలిచేదాన్ని. వాళ్ళకు ఒక్కతే కూతురు, నాకంటే ఆరేళ్ళు పెద్దది. పక్కింటి అక్క. నాకు రోజూ జడ వేసేది, ఎక్కాలు అప్పచెప్పించుకునేది. పది పాసై బెజవాడలో నర్సు ట్రైనింగుకు పోవాలని అక్క కోరిక. అత్తయ్య ఆ మాట ఊరంతా చెప్పుకుని మురిసిపోయేది.

ఊరికీ రోడ్డుకూ మధ్య కాలువ. మనుషులు దాటడానికి రెండు తాటిమానులు పడేసి ఉండేవి. బండి పోవాలంటే దిగువన లాకుల వంతెన దాకా చుట్టు తిరిగి రావాలి. బండ్లు కూడా పోయేటట్టు చెక్క వంతెన కట్టాలని ఎన్నాళ్ళ నుంచో అడగ్గా, డెబ్బైల మొదట్లో ఒక ఎండాకాలం ఆ పని మొదలైంది. పని చూడ్డానికి ఒక ఓవర్సీరుగారు వచ్చేవాడు. పని చేసేది మా తాతయ్య. చేయించేది మా ఊరి ప్రెసిడెంటుగారు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. బడి సెలవులు. పొద్దున లేస్తే కాలువ గట్టుమీదే ఉండేదాన్ని.

గుంజలు పాతారు, గట్లకు ఇటొకటి అటొకటి దిమ్మలు వేశారు. ఇక దూలాలు రావాలి. బెజవాడ వన్ టౌన్ కర్రల అడితి నుంచి మద్ది దూలాలు వస్తాయన్నారు. ఇవాళ, రేపు అంటూ రోజులు గడిచాయి గానీ దూలాలు రాలేదు. నీళ్ళు వదిలే రోజు దగ్గర పడింది. అప్పుడు ప్రెసిడెంటుగారు తన చేను గట్టుమీది తాటిచెట్లు కొట్టించి, ఇవి చాలవా అన్నాడు. ఆయన ఇంటి పైకప్పుకు తాత తండ్రుల నాటి తాటి దూలాలే ఉన్నాయనీ, ఇన్నేళ్ళలో చెక్కు చెదరలేదనీ చెప్పాడు. అది నిజమే. కానీ ఇంటి దూలం మీద బండి నడవదు, దానిమీద వాన పడదు, దాన్ని ఎవరూ కొయ్యరు.

ఓవర్సీరుగారి దగ్గర ఒక బొమ్మ కాగితం ఉండేది. ఆ కాగితం మద్ది దూలాల కోసం గీసింది. వంతెన పైభాగం రోడ్డుకు సరిసమానంగా రావాలంటే ప్రతి దూలానికీ రెండు కొసల్లో కింది వైపు సగం మందం కోసేసి, ఆ గాడిని దిమ్మమీద కూర్చోబెట్టాలి. చెట్టు మారింది, కాగితం మారలేదు. తాతయ్య ఆ కాగితం చూసి తల గోక్కున్నాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చాక పెరట్లో నన్ను పిలిచి ఒక తమాషా చూపించాడు.

రెండు తాటి వాసాలు తెచ్చాడు. ఒకదాన్ని అలాగే ఉంచాడు. రెండోదానికి బొమ్మలో ఉన్నట్టే రెండు కొసల్లో కింది వైపు ఉలితో గాడి కొట్టాడు. నాలుగు ఇటుకలు పెట్టి రెండింటినీ వాటిమీద ఆనించాడు. మొదటిదాని మీద నన్ను ఎక్కి గెంతమన్నాడు. గెంతాను. అది ఊగింది గానీ ఏమీ కాలేదు. రెండోదాని మీద ఊరికే నిలబడమన్నాడు. నిలబడీ నిలబడకముందే అది గాడి దగ్గర చీలి నేను కింద కూలబడ్డాను. ఏడవబోయి, ఆయన నవ్వుతుంటే నేనూ నవ్వేశాను. విరిగినచోట వేలు పెట్టి చూడమన్నాడు. పైన నల్లగా ఇనుములాంటి బెరడు, లోపలంతా మెత్తటి బెండు. గోరు దిగబడింది.

"మద్దికీ టేకుకీ చేవ కడుపులో ఉంటుందమ్మా. తాటికి చేవంతా తోలులోనే. ఆ తోలు కోసేస్తే ఇక దానికేముంది? చెట్టునుబట్టి పని చెయ్యాలి గానీ కాగితాన్నిబట్టి చేస్తారా ఎవరైనా?" అన్నాడు.

ఆ మాట నా మనసులో నాటుకుపోయింది. మా తాతయ్యకు తెలియనిది లేదనుకున్నాను. మర్నాడు ఆయన వెంట గట్టుకు పోయాను, ఓవర్సీరుగారికి కూడా ఆ తమాషా చూపిస్తాడని. చూపించలేదు. తువ్వాలు భుజం మీంచి తీసి చేతిలో పట్టుకుని, తాటి దూలానికి గాడి పనికిరాదండీ అని మెల్లగా చెప్పాడు. ఓవర్సీరుగారు గడియారం చూసుకుంటూ, నువ్వు వడ్రంగివా ఇంజినీరువా అని అడిగాడు. గాడి లేకపోతే వంతెన రోడ్డుకన్నా జానెడు ఎత్తవుతుంది, మళ్ళీ రెండు పక్కలా మట్టి పొయ్యాలి, పదిరోజుల్లో నీళ్ళొస్తున్నాయి, ఎప్పుడు పోస్తావు, బొమ్మలో ఉన్నట్టు కొట్టు అన్నాడు. తాతయ్య తువ్వాలు భుజాన వేసుకున్నాడు. ఉలి తీశాడు.

నేను ఊరుకోలేదు. అన్నం తినేటప్పుడు, విరిగిపోతుంది కదా తాతయ్యా అని అడిగాను. చెప్పాల్సింది చెప్పానమ్మా, ఇక నాది కాదు అన్నాడు. ఆ మాట ఆయన తనకు తనే చెప్పుకున్నాడని నాకిప్పుడు తెలుస్తోంది. ఒకసారి, ఒక్క మనిషికి, గొంతు ఎత్తకుండా చెబితే అయిపోతుందా? ఆ ఉలి కింద పెట్టేస్తే ఏమయ్యేది? మహా అయితే ఇంకో వడ్రంగిని పిలిచేవాళ్ళు. ఎన్నిసార్లు అనుకున్నానో ఈ మాట.

దూలాలమీద బల్లలు పరిచారు. ఇక్కడ ఊరివాళ్ళు చేసిన తప్పొకటి ఉంది, అదీ చెప్పాలి. బల్లల సందుల్లోంచి కింద నీళ్ళు కనబడితే ఎడ్లు బెదిరి అడుగు వెయ్యవు. అందుకని మా వైపు చెక్క వంతెనలమీద తాటాకు పరిచి, గడ్డి వేసి, పైన మట్టి తొక్కుతారు. బండి మావయ్యే తన బండితో మట్టి తోలాడు. అత్తయ్యా అక్కా కూడా తట్టలు మోశారు. దాంతో వంతెనకు బరువు పెరిగింది. వానాకాలమంతా ఆ మట్టి నీళ్ళు పట్టుకుని దూలాలను నానబెట్టింది. కోసినచోట బెండు నీళ్ళు తాగింది. పైకి మాత్రం వంతెన మీద పచ్చటి గడ్డి మొలిచి, మేకలు మేసేవి. అందరం ఎంత అందంగా ఉందో అనుకున్నాం.

ఆ వంతెన మొదలూ చివరా, దిమ్మలమీద గాడి కూర్చున్న చోట, తాతయ్య ఎప్పుడూ అడుగు వేసేవాడు కాదు. నా చెయ్యి పట్టుకుని ఆ మూరెడు జాగా దాటి అవతల కాలు పెట్టేవాడు. నాకది ఆటగా ఉండేది. ఆయన లేకపోయినా అలాగే దూకి దాటేదాన్ని. నాకు నేర్పినవాడు పక్కింటివాళ్ళకు ఎందుకు నేర్పలేదో ఆ వయసులో తోచలేదు.

రెండో ఏడు నాట్ల రోజుల్లో జరిగింది. పొద్దున్నే సన్నగా వాన పడుతోంది. నేను బడికి పోతున్నాను. ముందు మావయ్య బండి. అందులో నారుకట్టలూ, అయిదుగురు ఆడవాళ్ళూ ఉన్నారు. అత్తయ్య వెనకాల కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంది. నన్ను చూసి, "ఎక్కవే పిల్లా, కాళ్ళకి బురదవుద్ది" అంది. వంతెన దాటాక ఎక్కుతాను, నేను దూకాలి అన్నాను. దూకుడేంటే కోతిపిల్లా అని నవ్వింది. ఆమె నాతో అన్న ఆఖరు మాట అదే.

ఎడ్లు వంతెన మీదకు ఎక్కాయి. చక్రాలు దిమ్మ దాటాయో లేదో, పెద్ద గుమ్మడికాయ కింద పడ్డట్టు ఒక చప్పుడైంది. టపీమని విరిగిన చప్పుడు కాదు. నానిన చప్పుడు. ఇవతలి కొసన దూలాలు మూడూ గాడి దగ్గర చీలిపోయాయి. బండి వెనక్కి వాలింది. అందరికంటే ముందు అత్తయ్య నీళ్ళలో పడింది, ఆమె మీద నారుకట్టలు, వాటిమీద మట్టీ బల్లలూ. ముందు కూర్చున్నవాళ్ళు దూకేశారు. మావయ్య కాడికట్టు కోసి ఒక ఎద్దును తప్పించగలిగాడు. రెండోది కొట్టుకుపోయింది. నేను గట్టుమీద నిలబడి అరుస్తున్నాను. ఏమని అరిచానో తెలియదు. మధ్యాహ్నానికి అత్తయ్య లాకుల దగ్గర దొరికింది.

మాలో చనిపోయినవాళ్ళను పెట్టెలో పెట్టి సమాధి చేస్తారు. తాతయ్య ఆ సాయంత్రమంతా మామిడి బల్లలు కోసి పెట్టె చేశాడు. మావయ్య కూలి ఇవ్వబోతే రెండు చేతులూ పట్టుకుని ఏడ్చి, వద్దన్నాడు. ఊరంతా ఆ మాటే చెప్పుకుంది, ఎంత మంచి మనిషని. అక్క ఆ పెట్టె పక్కనే కూర్చుని, దానిమీద చెయ్యి వేసి ఉంది. ఆ బల్లలో కన్నులాంటి నల్లటి ముడి ఒకటుండేది. అక్క వేలు ఆ ముడి చుట్టూ తిరుగుతూనే ఉంది. నేను పక్కన కూర్చుని అదే చూశాను.

సమాధి అయిన మర్నాడు ఓవర్సీరుగారూ ప్రెసిడెంటుగారూ మా పెరట్లోకి వచ్చారు. నేను గోలెం వెనక గచ్చకాయలు ఆడుకుంటున్నాను. తాతయ్య తల అడ్డంగా ఊపడం కనిపించింది. చాలాసేపు ఊపాడు. అప్పుడు ఓవర్సీరుగారు గొంతు తగ్గించి అన్న మాట నాకు వినబడింది.

"బొమ్మ గీసినవాళ్ళం మేమేనయ్యా. గాడి కొట్టింది ఎవరి చెయ్యి? తెల్లారి పోలీసులొస్తే ముందు ఎవర్ని లోపలేస్తారో నువ్వే ఆలోచించుకో."

తాతయ్య తల ఊపడం ఆగిపోయింది. వాళ్ళు వెళ్ళాక లేచి, అత్తయ్య పెట్టె చెయ్యగా మిగిలిన మామిడి బల్లను తీశాడు. చిత్రిక పట్టాడు. దానికొక గుంజ బిగించాడు. ఎవరో మనిషి వచ్చి తెల్లరంగు పూసి, దానిమీద ఎర్రరంగుతో రాశాడు. నాకు చదవడం వచ్చు కదా, కూడబలుక్కుని చదివాను. బరువు బండ్లు పోరాదు. ఆరీ ఆరకముందే దానికి కాలువ బురద పూసి తుడిచారు, పాతదానిలా కనపడ్డానికి. నేను వేలితో తాకితే ఎరుపు అంటుకుంది. ఆ మధ్యాహ్నమే దాన్ని తీసుకెళ్ళి వంతెన పక్కన తుమ్మపొద చాటున పాతేశారు.

మరునాడు పెద్దాఫీసరు వచ్చాడు. ఊరంతా గట్టుమీదే ఉంది. విరిగిన దూలాలు అప్పటికే నీళ్ళలోంచి తీసి ఎక్కడికో తోలేశారు. ఆఫీసరు బోర్డు చూశాడు, బండిలో ఎంతమంది ఉన్నారని అడిగాడు. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసమన్నట్టు ప్రెసిడెంటుగారు దూలాల మాట రాకుండా ఏవేవో చెప్పాడు. మావయ్యను ముందుకు పిలిచారు. గడ్డం మాసి, ఒంటిమీద సమాధి దగ్గర కట్టుకున్న పంచెతోనే ఉన్నాడు.

"బోర్డు ఉండగా బండెలా ఎక్కించావయ్యా?"

"ఈ బోర్డు నేను చూళ్ళేదండీ బాబూ."

"చదువొచ్చా?"

"రాదండీ."

"ఇక చూస్తేనేం, చూడకపోతేనేం!" అని ఆయన అన్నాడు. కొందరు నవ్వారు కూడా. ఆ నవ్వినవాళ్ళ మొహాలు నాకిప్పటికీ గుర్తున్నాయి. బోర్డు లేదన్న సంగతి ఊళ్ళో ఎవరికి తెలియదు? అందరికీ తెలుసు. అందరూ ప్రెసిడెంటుగారి పొలంలో పని చేసేవాళ్ళే. ఒకడు కాళ్ళవైపు చూసుకున్నాడు, ఒకడు ఆకాశంవైపు చూశాడు. ఆఫీసరు మా తాతయ్యను అడిగాడు, ఈ బోర్డు ఎప్పుడు పెట్టారని. తాతయ్య ఏ తడబాటూ లేకుండా చెప్పాడు.

"వంతెన కట్టినప్పుడేనండీ."

నేను తాతయ్య పక్కనే ఉన్నాను. "కాదు తాతయ్యా, నిన్ననేగా..." అన్నాను. ఆ మాట పూర్తి కాలేదు. ఆయన చెయ్యి నా నోటిమీద పడింది. కొట్టలేదు, మూశాడంతే. ఆ అరచేతికి మామిడి చెక్క వాసనా రంగు వాసనా కలిసి వస్తున్నాయి. పిల్ల భయపడిందండీ, కళ్ళముందే జరిగింది కదా అని ఆఫీసరుతో అన్నాడు. ఆయన పాపం అని తల ఊపి, కాగితం మీద రాసుకున్నాడు. బండివాడి నిర్లక్ష్యం అని రాశాడట.

నేను తలెత్తి చూస్తే అక్క నావైపే చూస్తోంది.

ఇంటికొచ్చాక తాతయ్య నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఎవరితోనూ చెప్పనని తన తలమీద చెయ్యి పెట్టి ఒట్టు వెయ్యమన్నాడు. మా ఇంట్లో ఒట్లు వెయ్యనిచ్చేవాళ్ళు కాదు, పాపమని. అలాంటిది ఆయనే వేయించాడు. ఒట్టు తప్పితే తాతయ్య చచ్చిపోతాడని నా భయం. చావంటే ఏమిటో మూడు రోజుల క్రితమే చూశాను. అత్తయ్య పోయింది, తాతయ్య కూడా పోతే? వేశాను ఒట్టు. నాకు బెల్లం ముక్క పెట్టాడు. ఛీ, ఆ బెల్లం తిన్నాను కూడా.

బోర్డుంది కదా, ఎందుకెక్కించాడు అన్న మాట నెల తిరిగేసరికి ఊళ్ళో నిజమైపోయింది. బోర్డు లేదని తెలిసినవాళ్ళే అన్నారు. పెళ్ళాన్ని చేజేతులా చంపుకున్నాడన్నారు. మిగిలిన ఒక్క ఎద్దుతో ఏం చేస్తాడు? దాన్ని అమ్మేశాడు. నర్సు ట్రైనింగు మాట అక్క మళ్ళీ ఎత్తలేదు. అన్నిటికంటే ఘోరం, మావయ్య రోజూ సాయంత్రం మా అరుగుమీద తాతయ్య పక్కనే వచ్చి కూర్చునేవాడు. తనకు ఊళ్ళో మిగిలిన స్నేహితుడు ఈయనొక్కడే అనుకున్నాడు. తాతయ్య వక్క కత్తిరించి చేతిలో పెట్టేవాడు. నేను లోపలికి పోయి తలుపు చాటున కూర్చునేదాన్ని.

మళ్ళీ ఎండలు ముదిరి కాలువ కట్టేసినప్పుడు వాళ్ళు ఊరు విడిచిపోయారు. వంతెన లేదు కదా, మూటలు నెత్తిన పెట్టుకుని ఎండిన కాలువలోకి దిగి అవతలికెక్కారు. అక్క దిగేముందు మా గుమ్మం దగ్గరికొచ్చింది. నాకు జడ వేసింది, ఎప్పటికంటే నెమ్మదిగా వేసింది. వేసి కాసేపు నిలబడింది. నేను కాలి బొటనవేలితో నేలమీద గీతలు గీస్తూ నిలబడ్డాను. పోయొస్తానే అని వెళ్ళిపోయింది.

తాతయ్య ఆ తర్వాత పన్నెండేళ్ళు బతికాడు. ఒట్టు ఆయనతోపాటే పోయింది. అయినా నేను నోరు తెరవలేదు. ఇక భయమేమీ లేదు, సిగ్గు మిగిలింది. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే ఏమనాలి? పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, బెజవాడలో కాపురం పెట్టాం. పదిహేనేళ్ళ క్రితం ఒక పెళ్ళిలో ఎవరో చెబితే తెలిసింది, మావయ్య ఇంకా ఉన్నాడని, వన్ టౌన్‌లో గోడౌన్ల వెనక సందులో ఒక గదిలో అక్కతో ఉన్నాడని. మర్నాడే బయల్దేరాను. ఇంట్లో ఎక్కడికని అడిగినా చెప్పలేదు.

మావయ్యకు ఎనభై దాటాయి. మంచంలో ఉన్నాడు. ఎడ్లు పోయాక ఆ సందుల్లోనే తోపుడుబండి మీద బస్తాలు మోశాడట, ఓపికున్నంత కాలం. ఎడ్లు లాగాల్సిన బండిని తనే లాగాడు. అక్క ఆసుపత్రిలో ఆయాగా చేసి దిగిపోయింది. నర్సు బట్టలు కట్టుకోవాల్సిన మనిషి నర్సుల గదులు ఊడ్చింది. నన్ను చూసి మావయ్య కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నేను ఆయన మంచం పక్కన కింద కూర్చుని మొత్తం చెప్పాను. గాడి సంగతి, తాటి సంగతి, పెట్టె చెయ్యగా మిగిలిన బల్ల సంగతి. తప్పు నీది కాదు మావయ్యా, ఆ రోజు అక్కడ బోర్డు లేదు అన్నాను.

ఆయన నా తలమీద చెయ్యి వేసి నవ్వాడు.

"ఊరుకో తల్లీ. బోర్డు నాకు బాగా గుర్తు. ఎర్రక్షరాలు. ఎడ్లు కూడా దాన్ని చూసి ఆగినయ్. నేనే అదిలించా. నామీద జాలితో నువ్వు తాతయ్యని అనబాకమ్మా. మీ అత్తయ్య పెట్టెకి దమ్మిడీ తీసుకోలా ఆ మహానుభావుడు."

మళ్ళీ చెప్పాను. బతిమాలాను. ఏడ్చాను. ఆయన నన్ను ఓదారుస్తూనే ఉన్నాడు. ముప్పై అయిదేళ్ళలో ఆ బోర్డు ఆయన కళ్ళలోకి దిగిపోయింది. ప్రతి రాత్రీ కళ్ళు మూసుకుంటే దాన్ని చూసి ఉంటాడు. దాన్ని పెరికి తీసే బలం నా మాటకు లేదు. ఆ తర్వాత ఆర్నెల్లకు పోయాడు, ఆ తప్పు మోసుకునే పోయాడు.

అక్క నన్ను ఆటో దాకా సాగనంపింది. ఆటో ఆగాక నా భుజంమీద చెయ్యి వేసింది.

"నాకు అప్పుడే తెలుసే. ఆఫీసరొచ్చిన రోజు బోర్డు వెనక్కెళ్ళి చూశా. అటు రంగెయ్యలేదు. అమ్మ పెట్టె మీదున్న ముడే దానిమీదా ఉంది."

ఒకే మాను నుంచి పక్కపక్కన కోసిన బల్లలు మరి. ఒకదాని ముడి రెండోదానిలోనూ పడుతుంది. వడ్రంగి మనవరాలిని, నాకది ఎవరూ చెప్పక్కర్లేదు. మరి నువ్వెందుకు చెప్పలేదక్కా అని అడిగాను.

"నేను చెబితే ఎవరు నమ్ముతారే? తండ్రికోసం కూతురు చెబుతోందంటారు. నువ్వు ఆయన మనవరాలివి. నువ్వు చెబితే నమ్మేవాళ్ళు. ఆ యేడంతా మీ గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నా, ఇవాళ వస్తావు, రేపొస్తావు అని. ఆఖరి రోజు నేనే వచ్చా కదా. జడ వేసినంతసేపూ చూశా."

ఆటో అతను హారన్ కొట్టాడు. నేను ఎక్కాను.

తాతయ్యను నేను ద్వేషించలేదు. ఆయన పెట్టిన చెక్క దుద్దులు తలుచుకుంటే ఇప్పటికీ కళ్ళు చెమరుస్తాయి. కానీ ఎవరైనా చెప్పాల్సింది చెప్పాను, ఇక నాది కాదు అంటే మాత్రం ఒళ్ళు మండుతుంది. ఎవరికి చెప్పావు, ఎన్నిసార్లు చెప్పావు, వినకపోతే ఉలి కింద పెట్టావా అని నిలదీస్తాను. అందరూ నన్ను నోరుగలదంటారు. పక్కిల్లు మా గుమ్మానికి పదడుగుల దూరం. ఏడాదిపాటు ఆ పదడుగులూ నడవలేదు నేను. ఆ తర్వాత ఈ నోరు ఎన్నిచోట్ల తెరిచానో లెక్కలేదు, అందులో ఒక్కటీ ఆ గుమ్మం కాదు.